పాటల మధ్య అక్కర్లేని ఖాళీ: తరచుగా అడిగే ప్రశ్నలు

కడప చుట్టుపక్కల భజన బృందాలకు, నాట్యం నేర్పే టీచర్లకు, గుళ్లలో మైక్ సెట్ చూసుకునేవాళ్లకు పాత క్యాసెట్లు, సీడీల్లోని పాటలను ఫైళ్లుగా మార్చి ఇస్తుంటాను. తీసుకెళ్లిన కొన్నాళ్లకు ఫోన్ వస్తుంది: "అన్నా, పాటకీ పాటకీ మధ్య గ్యాప్ వస్తోంది, ఏం చేయాలి?" అందరి సందేహాలూ దాదాపు ఒకటే కాబట్టి అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. ఎవరికి కావాల్సిన ప్రశ్న దగ్గరికి వాళ్లు నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

నేను అందరికీ గట్టిగా చెప్పే మాట ఒకటుంది. ఖాళీ ఎక్కడ పుట్టిందో తేలేదాకా ఫైల్‌ను కత్తిరించకండి. ఫైల్లో ఉన్న నిశ్శబ్దం వేరు, ప్లేయర్ చేసే ఆలస్యం వేరు, పాడినవాళ్లు కావాలని ఇచ్చిన విరామం వేరు.

## మొదలుపెట్టే ముందు

రెండు సెకన్ల గ్యాప్ ఉంటే ఏమవుతుంది? అంత పట్టించుకోవాలా?

విడివిడి సినిమా పాటలైతే ఏమీ కాదు. అసలు ఆ మాత్రం ఖాళీ ఉంటేనే చెవికి హాయి. ఆగకుండా సాగే సంగీతంలోనే చిక్కు వస్తుంది. కర్ణాటక కచేరీలో ఆలాపన ఒక ట్రాక్‌గా, కీర్తన ఇంకో ట్రాక్‌గా ఉంటే, వాటి మధ్య గాయకులు ఆగినా తంబూర ఆగదు. అక్కడ పావు సెకను నిశ్శబ్దం వచ్చినా శ్రుతి తెగినట్టు తెలిసిపోతుంది. హరికథ, బుర్రకథ, ఖవాలీ, చెక్కభజన రికార్డింగులన్నీ ఇదే కోవలోవి. కడప పెద్ద దర్గా ఉరుసు ఖవాలీ రికార్డింగ్ ఒకటి విన్నాను. చప్పట్ల తాళం జోరు మీద ఉండగా ట్రాక్ మారి, ఒక్క క్షణం అంతా ఆగి మళ్లీ మొదలైంది. వినేవాళ్లకు ఆ ఊపు పోయాక మళ్లీ రాదు.

ఏ ఖాళీ ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఎలా తెలుస్తుంది?

ఖాళీకి ముందు ఐదు సెకన్లు, తర్వాత ఐదు సెకన్లు వినండి. రెండు వైపులా ఒకే హాలు, ఒకే శ్రుతి, ఒకే జనం సందడి ఉండి, మధ్యలో మాత్రం అంతా చచ్చిపోయినట్టు ఉంటే అది అక్కర్లేనిది. రెండు వైపులా వేర్వేరు పాటలు, వేర్వేరు రాగాలైతే ఖాళీ ఉండనివ్వండి. పాట చివర తంబూర, వీణ నాదం నెమ్మదిగా తగ్గుతూ పోవడం నిశ్శబ్దం కింద లెక్క కాదు, అది పాటే. దాన్ని కోస్తే పాటను మధ్యలో ఆపేసినట్టు ఉంటుంది.

గ్యాప్ ఫైల్లోనే ఉందా, నా ప్లేయర్ వల్ల వస్తోందా?

ఆ రెండు ఫైళ్లనూ కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, మొదటిదాని చివర, రెండోదాని మొదలు బాగా జూమ్ చేసి చూడండి. తరంగం చివరి అంచుదాకా ఉంటే ఫైల్ బాగానే ఉంది, ఆలస్యం ప్లేయర్‌ది. అంచుకు ముందే గీత చదునుగా అయిపోతే నిశ్శబ్దం ఫైల్లో ఉంది. ఆ చదును గీతను ఇంకా దగ్గరగా చూస్తే మరో సంగతి కూడా తెలుస్తుంది. ఏ కదలికా లేని సన్నని గీత అయితే అది సాఫ్ట్‌వేర్ నింపిన సున్నాలు. కాస్త నూగు నూగుగా కనిపిస్తే అది టేపులోనో హాల్లోనో నిజంగా ఉన్న నిశ్శబ్దం. మొదటి రకాన్ని తీసేయడానికి వెనకాడక్కర్లేదు. రెండో రకాన్ని వినకుండా తీయొద్దు.

## క్యాసెట్, సీడీల నుంచి ఎక్కించేటప్పుడు

క్యాసెట్ ఎక్కించేటప్పుడు మొదట్లో, చివర్లో ఖాళీని అప్పుడే కోసేయాలా?

వద్దు. క్యాసెట్ మొదట్లో కొన్ని సెకన్లపాటు అయస్కాంత పూత లేని లీడర్ టేపు తిరుగుతుంది, తర్వాతే అసలు టేపు వస్తుంది. అంతా కలిపే రికార్డ్ చేయండి. సీ-60 అయితే ఒక వైపు 30 నిమిషాలు, సీ-90 అయితే 45 నిమిషాలు. ఒక వైపును ఒకే పెద్ద వేవ్ (ధ్వనిని కుదించకుండా దాచే) ఫైల్‌గా దాచిపెట్టి, దాని కాపీ మీదే కత్తిరింపులు చేయండి. సీడీ నాణ్యతలో వేవ్ ఫైల్ నిమిషానికి సుమారు 10 ఎంబీ తీసుకుంటుంది, ఈ రోజుల్లో అది పెద్ద బరువేమీ కాదు. పాటల మధ్య వచ్చే ఉత్త టేపు శబ్దం కూడా పనికొస్తుంది. తర్వాత నాయిస్ తగ్గించాలనుకుంటే సాఫ్ట్‌వేర్‌కు నమూనాగా ఇవ్వాల్సింది దాన్నే.

క్యాసెట్ ఏ-సైడ్ చివర, బీ-సైడ్ మొదలు ఎలా కలపాలి?

హరికథ, పద్యనాటకాల క్యాసెట్లలో వైపు అయిపోయేసరికి కథ మధ్యలో ఉంటుంది. రెండో వైపు మొదట్లో అదే పద్యాన్ని మళ్లీ ఎత్తుకోవడమూ మామూలే. ఏ-సైడ్ చివరి పది సెకన్లూ, బీ-సైడ్ మొదటి పది సెకన్లూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. మాట రెండుసార్లు వస్తే ఒకటి తీసేసి, వాయిద్యం మీద కాకుండా ఊపిరి తీసుకునే చోట కలపండి. మాట అసలే పోయి ఉంటే అతికించే ప్రయత్నం చేయకండి. అక్కడ అర సెకను ఖాళీ ఉంటేనే వినేవాళ్లకు వైపు మారిందని అర్థమవుతుంది.

పాట మొదలవక ముందే ఖాళీలో సన్నగా అదే గొంతు వినిపిస్తోంది. క్యాసెట్ చెడిపోయిందా?

చెడిపోలేదు. చుట్టిన టేపులో ఒక పొర మీది ధ్వని పక్క పొర మీద కొద్దిగా అచ్చు పడుతుంది. ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయాన్ని బట్టి, అసలు పాటకు ఒకటిన్నర నుంచి మూడు సెకన్ల ముందు ఆ నీడ గొంతు వినిపిస్తుంది. వేడికి ఇది పెరుగుతుంది. మన ఎండల్లో రేకుల ఇంటి అటక మీద ఏళ్ల తరబడి ఉన్న క్యాసెట్లలో ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. రికార్డ్ చేసే ముందు క్యాసెట్‌ను రెండు మూడుసార్లు ముందుకీ వెనక్కీ పూర్తిగా చుట్టండి, కొంత తగ్గుతుంది. మిగిలినది పాటకు ముందు ఖాళీలోనే ఉంటే అక్కడ నిశ్శబ్దం పెట్టేయండి, కానీ ఒక్కసారిగా కాకుండా మెల్లగా ఫేడ్ చేసి.

సీడీలో వింటే ఆగకుండా వస్తోంది. కంప్యూటర్‌లోకి తీస్తే గ్యాప్ వచ్చింది. ఎందుకు?

ఎక్కువసార్లు కారణం, సీడీని నేరుగా ఎంపీ3లోకి తీయడం. ముందు వేవ్‌గానో, నాణ్యత తగ్గకుండా కుదించే ఫ్లాక్‌గానో తీయండి. సీడీలో ప్రతి ట్రాక్‌కూ ముందు ఒక చిన్న విరామ భాగం ఉండొచ్చు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి సాఫ్ట్‌వేర్లు మామూలుగా దాన్ని ముందు ట్రాక్ చివర కలుపుతాయి, కాబట్టి ఏదీ పోదు. ప్రత్యక్ష కచేరీ అయితే సీడీ మొత్తాన్నీ ఒకే ఫైల్‌గా తీసి, ట్రాక్ హద్దులను క్యూ షీట్‌లో (ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే చిన్న టెక్స్ట్ ఫైల్‌లో) రాసుకోవడం నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి.

## వెతికి పట్టుకోవడం

ప్రతి పాటా మొదటి నుంచి చివరి దాకా వినాల్సిందేనా?

అక్కర్లేదు. అతుకుల దగ్గర వింటే చాలు: ప్రతి పాట చివరి ఐదు సెకన్లు, తర్వాతి పాట మొదటి ఐదు సెకన్లు. నలభై పాటల పెన్‌డ్రైవ్ అయినా పది నిమిషాల్లోపే అయిపోతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకోండి, ఆ కాసేపూ ఫ్యాన్ ఆపండి. తిరిగే ఫ్యాన్ కింద తంబూర తెగిందా లేదా అన్నది తెలియదు.

ఆడాసిటీలో ఎలా వెతకాలి?

ఫైళ్లన్నీ వరుసగా తెరిచి, ట్రాక్స్ మెనూలో ట్రాకులను ఒకదాని చివర ఒకటి అమర్చే అలైన్ ఎండ్ టు ఎండ్ నొక్కి, అన్నిటినీ ఒకే ట్రాక్‌గా కలపండి. ఈ కలపడం ముఖ్యం. మొదటి పాట చివర 1.2 సెకన్లు, రెండో పాట మొదట్లో 1.5 సెకన్లు ఖాళీ ఉంటే విడివిడిగా చూసినప్పుడు ఏదీ పెద్దగా అనిపించదు, వినేవాడికి మాత్రం 2.7 సెకన్లు. తర్వాత ఎనలైజ్ మెనూలో లేబుల్ సౌండ్స్ తెరవండి. ఎంత తక్కువ శబ్దాన్ని నిశ్శబ్దంగా లెక్కించాలి, కనీసం ఎంతసేపు ఉండాలి అని అడుగుతుంది. లేబుల్ రకంలో రీజియన్ బిట్వీన్ సౌండ్స్ ఎంచుకుంటే శబ్దాల మధ్యనున్న ఖాళీలకు గుర్తులు పడతాయి. ఒక్కో గుర్తు దగ్గర విని, అక్కర్లేనివాటినే తీయండి.

నా దగ్గర వందల ఫైళ్లున్నాయి. ఒకేసారి చూసే దారి ఉందా?

ఉంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సైలెన్స్‌డిటెక్ట్ అనే ఫిల్టర్ ఉంది. ఫైల్‌ను ముట్టుకోకుండా నిశ్శబ్దం ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది, ఎంతసేపు ఉంది అన్నది మాత్రం చెబుతుంది. మనమేమీ మార్చకపోతే మైనస్ 60 డెసిబెల్స్ (సున్నా అంటే గరిష్ఠ ధ్వని, మైనస్ పెరిగేకొద్దీ ధ్వని తగ్గుతుంది) కన్నా తక్కువ ధ్వని కనీసం 2 సెకన్లు ఉంటేనే లెక్కిస్తుంది. దాంతో అర సెకను ఖాళీలన్నీ జారిపోతాయి. "నాకు ఒక్క గ్యాప్ కూడా చూపించలేదు" అని చెప్పేవాళ్లు చాలావరకు ఇక్కడే ఆగిపోతారు. వ్యవధిని 0.3 సెకన్లకు తగ్గించి మళ్లీ నడపండి. వచ్చిన జాబితాలో ఫైల్ మొదట్లో, చివర్లో పడినవాటిని ముందు చూడండి. మధ్యలోవి పాటలోని విరామాలు కావచ్చు.

చెవికి గ్యాప్ స్పష్టంగా తెలుస్తోంది. సాఫ్ట్‌వేర్ మాత్రం నిశ్శబ్దం లేదంటోంది.

సాఫ్ట్‌వేర్ దృష్టిలో అక్కడ నిజంగానే శబ్దం ఉంది. క్యాసెట్ నుంచి వచ్చిన ఫైల్లో టేపు హుష్‌మనే శబ్దమే మైనస్ 45, మైనస్ 50 డెసిబెల్స్ దగ్గర ఉండొచ్చు. మైనస్ 60 పెట్టి వెతికితే దొరకదు. పాట లేని చోట రెండు సెకన్లు ఎంచుకుని మీటర్‌లో ఎంత చూపిస్తోందో చూసి, దానికి నాలుగైదు డెసిబెల్స్ పైన హద్దు పెట్టండి.

అయినా దొరకకపోతే రెండు అనుమానాలున్నాయి. ఒకటి 50 హెర్ట్జ్ కరెంటు హమ్. రికార్డ్ చేసేటప్పుడు ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి, హమ్ పోతే కారణం దొరికినట్టే. రెండోది, క్యాసెట్ ధ్వనిని కంప్యూటర్‌లోకి పంపే చవకరకం యూఎస్‌బీ క్యాప్చర్ డబ్బాల్లో వచ్చే డీసీ ఆఫ్‌సెట్. నిశ్శబ్దంలో కూడా గీత సున్నా మీద కాకుండా కాస్త పైకో కిందికో జరిగి ఉంటుంది, కొలతలన్నీ తప్పిపోతాయి. ఆడాసిటీలో నార్మలైజ్ తెరిస్తే డీసీ ఆఫ్‌సెట్ తీసేసే టిక్ కనిపిస్తుంది. ముందు అది చేసి, తర్వాత వెతకండి.

హరికథలో సాఫ్ట్‌వేర్ చూపించిన ఖాళీలన్నీ తీసేస్తే కథ పరుగెత్తినట్టు ఉంది. ఎందుకలా?

మీరు తీసింది ఖాళీ కాదు. దాసుగారు ఒక ఘట్టం ముగించి, చిడతలు ఆపి, జనం వైపు చూసి "శ్రీమద్రమారమణ గోవిందో" అని ఎత్తుకుంటారు. ఆ ఎత్తుకోవడానికి ముందు ఒక సెకను, సెకనున్నర ఆగుతారు. జనం "హరి" అన్న కేక మైకుకు దూరంగా, సన్నగా రికార్డయి ఉంటుంది. హద్దు ఎక్కువగా పెడితే సాఫ్ట్‌వేర్‌కు ఆ విరామమూ, ఆ కేకా రెండూ నిశ్శబ్దంగానే కనిపిస్తాయి. మాటతో సాగే రికార్డింగుల్లో ఫైల్ మధ్యలో ఏ ఖాళీనీ సాఫ్ట్‌వేర్ మాట మీద తీయకండి. అసలు కాపీ ఉంటే మళ్లీ దాని నుంచే మొదలుపెట్టండి. కొన్ని పల్లెల్లో ఆ కథ చెప్పిన మనిషి గొంతు ఆ ఒక్క క్యాసెట్‌లోనే మిగిలి ఉంటుంది.

## ఎంపీ3 చేసేటప్పుడు

వేవ్‌లో గ్యాప్ పూర్తిగా తీసేశాను. ఎంపీ3 చేయగానే మళ్లీ సన్నగా వస్తోంది.

ఎంపీ3 నిర్మాణమే అలాంటిది. ధ్వనిని 1152 శాంపిళ్ల (క్షణక్షణం కొలిచిన ధ్వని విలువల) ఫ్రేములుగా కోసి దాస్తుంది. సీడీ నాణ్యతలో ఒక ఫ్రేము సుమారు 26 మిల్లీసెకన్లు. కడప బండలు పరిచేటప్పుడు గోడ దగ్గర సరిపోకపోతే చివరి బండను కోసి వేస్తారు. ఎంపీ3కి ఆ కోయడం లేదు, చివరి బండ కూడా పూర్తిగానే వేసి, పాట చాలని చోట నిశ్శబ్దంతో నింపుతుంది. దీనికి తోడు మొదట్లో ఎన్‌కోడర్ (ఎంపీ3గా మార్చేది), డీకోడర్ (దాన్ని తిరిగి వినిపించేది) ఆలస్యం కూడా చేరుతుంది. బాగా వాడుకలో ఉన్న లేమ్ ఎన్‌కోడర్ 576 శాంపిళ్లు, డీకోడర్ 529 శాంపిళ్లు, కలిపి 25 మిల్లీసెకన్లు.

లేమ్ ఈ లెక్కను ఫైల్ మొదట్లో ఒక ట్యాగ్‌లో రాసిపెడుతుంది. దాన్ని చదివే ప్లేయర్ ఆ అదనపు భాగాన్ని వదిలేసి గ్యాప్ లేకుండా వినిపిస్తుంది. చదవని ప్లేయర్‌లో చిన్న కుదుపు తెలుస్తుంది. కాబట్టి ఎంపీ3 తప్పనిసరైతే లేమ్‌తోనే చేయండి, ఆ ట్యాగ్‌ను చెరిపేసే కన్వర్టర్ల జోలికి వెళ్లకండి.

అయితే ఏ ఫార్మాట్ మంచిది?

దాచుకోవడానికి ఫ్లాక్. ఒక్క శాంపిల్ కూడా తేడా రాదు. ఆగ్ వార్బిస్, ఓపస్ అనే ఫార్మాట్లు కూడా పాట అసలు పొడవును తమలో రాసుకుంటాయి కాబట్టి గ్యాప్ బెడద తక్కువ. ఏఏసీలో మాత్రం మొదట్లో ఎంపీ3 కన్నా ఎక్కువ చేరొచ్చు. యాపిల్ ఎన్‌కోడర్ 2112 శాంపిళ్లు కలుపుతుంది, అంటే దాదాపు 48 మిల్లీసెకన్లు.

రెండు ఎంపీ3 ఫైళ్లను కలిపి ఒకటి చేస్తే గ్యాప్ పోతుందా?

పోదు. నింపిన నిశ్శబ్దం అతుకు దగ్గర అలాగే ఉండిపోతుంది. వేవ్‌గా ఉన్నప్పుడే కలిపి, ఆ తర్వాత ఒకేసారి ఎంపీ3 చేయాలి.

## కత్తిరించడం

కోసిన చోట టిక్కుమంటోంది. ఎలా పోగొట్టాలి?

తరంగం పైకి లేచి ఉన్నప్పుడు కోశారు. ఆడాసిటీలో కోయాల్సిన భాగం ఎంచుకున్నాక జెడ్ కీ నొక్కితే హద్దులు సున్నా గీతను దాటే చోటుకు జరుగుతాయి. అతుకు దగ్గర 5 నుంచి 10 మిల్లీసెకన్ల ఫేడ్ ఇస్తే ఇంకా మంచిది.

ఆడాసిటీలో నిశ్శబ్దాలన్నిటినీ కుదించే ట్రంకేట్ సైలెన్స్ ఒక్కసారి కొడితే పనైపోతుంది కదా?

విడివిడి పాటల సంకలనానికైతే పర్వాలేదు. కచేరీకి, హరికథకు, నాటకానికి వాడొద్దని నా సలహా. అది ట్రాక్ చివరా, పాట మధ్యా అని తేడా చూడదు. తాళం మధ్యలో మృదంగం ఆగిన చోటును కూడా కుదించేస్తే లెక్క తప్పుతుంది.

ఎంపీ3ని మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా కోయవచ్చా?

కోయవచ్చు. ఎంపీ3 డైరెక్ట్‌కట్ అనే సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తుంది, నాణ్యత తగ్గదు. కాకపోతే ఫ్రేము హద్దుల దగ్గరే కోయగలదు, అంటే 26 మిల్లీసెకన్ల లెక్కన. పాట చివరి పొడుగు ఖాళీ తీయడానికి సరిపోతుంది, తంబూర అతుకుకు సరిపోదు.

విడి పాటల మధ్య ఎంత ఖాళీ పెట్టమంటారు?

నేను భజన పాటలకు రెండు సెకన్లు, కీర్తనలకు మూడు సెకన్లు పెడతాను. ఒకటి శ్రుతిలో పాడిన మగ గొంతు తర్వాత ఐదున్నర శ్రుతిలో ఆడ గొంతు వస్తుంటే ఇంకో సెకను కలుపుతాను. పాత శ్రుతి చెవిలోంచి దిగడానికి ఆ మాత్రం కావాలి.

## మైక్ సెట్, ఫోన్, స్టేజీ

కంప్యూటర్‌లో బాగానే ఉంది. గుడి యాంప్లిఫయర్‌లో పెన్‌డ్రైవ్ పెడితే ప్రతి పాటకూ ఆగుతోంది.

యాంప్లిఫయర్లలో ఉండే చిన్న యూఎస్‌బీ బోర్డు ఒక ఫైల్ మూసి, ఇంకోటి తెరవడానికి కొంత సమయం తీసుకుంటుంది. గ్యాప్ ట్యాగులను చదవడం దాని వల్ల కాదు. ఫైల్‌ను ఎంత బాగా కోసినా ఈ ఆలస్యం పోదు. ఒకటే మార్గం, ఆగకుండా రావాల్సినవన్నీ ఒకే పొడుగాటి ఫైల్‌గా చేయడం. దేవుని కడప బ్రహ్మోత్సవాల లాంటి వాటికి ఉదయం సేవకు ఒకటి, సాయంత్రం సేవకు ఒకటి చేసి పెట్టుకుంటే మైక్ దగ్గర కూర్చునే మనిషికీ టెన్షన్ ఉండదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటే ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు. ఇంకో సంగతి, చాలా బోర్డులు పేరు వరుసలో కాకుండా కాపీ చేసిన వరుసలో పాడతాయి. ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి ఒక్కో ఫైల్‌నూ వరుసగా కాపీ చేయండి.

ఫోన్‌లో క్రాస్‌ఫేడ్ పెడితే గ్యాప్ పోతుంది కదా?

గ్యాప్ వినబడకుండా పోతుంది, దాంతోపాటు పాట చివరా పోతుంది. ఒక పాట తగ్గుతుండగానే ఇంకోటి మీదికొస్తే రెండు శ్రుతులు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. పెళ్లి విందులో సినిమా పాటలకు సరే. కీర్తనలకు క్రాస్‌ఫేడ్‌ను సున్నాకు పెట్టి, గ్యాప్‌లెస్ అనే సెట్టింగ్ ఆన్ చేయండి.

బ్లూటూత్ స్పీకర్‌లో ప్రతి పాట మొదటి అక్షరం మింగేస్తోంది.

శబ్దం లేనప్పుడు కరెంటు ఆదా కోసం కొన్ని స్పీకర్లు మౌనంలోకి వెళ్తాయి. పాట మొదలయ్యాక మేల్కొనే లోపు మొదటి మాట పోతుంది. ఫైల్ మొదట్లో ఖాళీని పూర్తిగా తీసేసినవాళ్లకే ఈ బాధ ఎక్కువ. మొదట్లో అర సెకను నుంచి ఒక సెకను వదలండి. పూర్తి సున్నాలను స్పీకర్ గుర్తించకపోవచ్చు కాబట్టి, వీలైతే ఆ రికార్డింగులోని సన్నని గది శబ్దాన్నే అక్కడ ఉంచండి.

అరంగేట్రానికి పాటలు తయారు చేస్తున్నాం. ఖాళీలు ఎలా పెట్టాలి?

ఇక్కడ ఖాళీని చెవి కాదు, అమ్మాయి నడక నిర్ణయిస్తుంది. తెర పక్కనుంచి మధ్యలోకి వచ్చి భంగిమలో నిలబడటానికి ఎంతసేపు పడుతుందో రిహార్సల్‌లో, అదే స్టేజీ మీద చూసుకుని ఫైల్ మొదట్లో అంత ఖాళీ పెట్టండి. అంశానికీ అంశానికీ మధ్య దుస్తులు మార్చుకునే సమయాన్ని మాత్రం ఫైల్లో పెట్టొద్దు. ఒక్కో అంశాన్నీ విడి ఫైల్‌గా ఉంచి, టీచరమ్మ సైగ చేశాకే నొక్కాలి. ఫైల్ చివర రెండు మూడు సెకన్లు నిశ్శబ్దం ఉంచండి, లేదంటే అమ్మాయి నమస్కారం చేస్తుండగానే తర్వాతి పాట మొదలవుతుంది.

గ్యాప్ లేకుండా చేసిన ఫైళ్లను సీడీ చేయించుకుంటే మళ్లీ రెండు సెకన్లు వచ్చాయి.

ఒక్కో ట్రాక్‌నూ విడిగా రాసే ట్రాక్ అట్ వన్స్ పద్ధతిలో రాశారు, అందులో ట్రాకుల మధ్య రెండు సెకన్లు చేరతాయి. సీడీ మొత్తాన్నీ ఒకేసారి రాసే డిస్క్ అట్ వన్స్ ఎంచుకుని, పాటల మధ్య విరామం సున్నా పెట్టమనండి. సీడీలో సెకనుకు 75 భాగాలుంటాయి. ట్రాక్ సరిగ్గా ఆ భాగం అంచున ముగియకపోతే మిగిలింది సున్నాలతో నిండుతుంది, 13 మిల్లీసెకన్ల దాకా. ఆడాసిటీలో స్నాప్ సెట్టింగును సీడీ ఫ్రేములకు మార్చి కోస్తే అది కూడా రాదు.